మూత పెట్టిన గొర్రు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. ఇది నేను ఒక మంచి మనిషి జొన్నచేనులో ఒక మూలను నిలువునా ముంచి, పదిహేను రోజుల తర్వాత అదే చేను గట్టు మీద నిలబడి, నా గొప్పతనం గురించి ఉపన్యాసం దంచిన కథ. ఆ ఉపన్యాసం వినడానికి జీపులో పెద్దాఫీసరు వచ్చాడు. ఊరు ఊరంతా కదిలి వచ్చింది. అక్కడున్న వాళ్ళలో జీపు దిగిన మాకు తప్ప అందరికీ అసలు సంగతి తెలుసు. గట్టు మీద మేస్తున్న గొర్రెలకు కూడా తెలిసే ఉంటుందని నా అనుమానం.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన కొత్త రోజులు. మాది పులివెందుల. మా నాన్న బడిపంతులు. నేను మద్రాసు పోయి, వస్తువుల నమూనాలు గీయడం రెండేళ్ళు చదువుకొని, కాగితాల చుట్ట చంకన పెట్టుకొని ప్రొద్దుటూరులో దిగాను. అక్కడ సేద్యపు పనిముట్లను మెరుగుపరచడానికని ఒక సర్కారీ షెడ్డు ఉండేది. అందులో నా ఉద్యోగం పేరు డిజైనరు. ఆ పేరు పలకడం మా ప్యూనుకు కూడా రాదు. అయినా ఆ మూడు జిల్లాల్లో అలాంటివాడిని నేనొక్కడినేనని నాకు గట్టి నమ్మకం. జేబులో నాలుగు పెన్సిళ్ళు, చెవి మీద ఒకటి. అన్నం తినేటప్పుడు కూడా చెవి మీది పెన్సిలు తీసేవాణ్ణి కాదు. తీస్తే నన్ను మామూలు మనిషి అనుకుంటారేమోనని భయం.

చేరిన మొదటి నెలలోనే పెద్దాఫీసరు పిలిచాడు. ఆయనది గుంటూరు వైపు.

"ఏవయ్యా, ఈ ప్రాంతంలో ఇంకా ఆ పాతకాలపు గొర్రుతోనే విత్తుతున్నారు. దాన్ని కాస్త మెరుగుపరచగలవా?"

"కాస్తేమిటి సార్, దాని రూపురేఖలే మార్చేస్తాను" అన్నాను.

మార్చేశాను కూడా. అదే వచ్చిన చిక్కు.

గొర్రు ఎరగని పట్నం పాఠకుల కోసం ఒక్క మాట. ఒక దూలానికి నాలుగు కొయ్య పళ్ళు, పళ్ళకు ఇనుప మొనలు. ముందు ఎద్దులు లాగుతుంటే ఆ పళ్ళు నేలలో నాలుగు సాళ్ళు గీస్తూ పోతాయి. ఒక్కో పంటి వెనక ఒక వెదురు గొట్టం. నాలుగు గొట్టాలూ పైకి వచ్చి ఒక కొయ్యగిన్నె అడుగున కలుస్తాయి. ఆ గిన్నెను జడ్డిగం అంటారు. ఒకామె దాని వెంబడే నడుస్తూ, గుప్పిట్లోంచి గింజలు జారవిడుస్తూ ఉంటుంది. గింజలు నాలుగు రంధ్రాల్లోకి సమంగా దూరి, గొట్టాల్లో జారి, సాళ్ళలో పడతాయి. అంతే. ఇందులో నాకు కనిపించిన ఘోరమైన లోపాలు మూడు. గిన్నెకు మూత లేదు. గింజలు మనిషి చేతితో పడుతున్నాయి. మొత్తం వస్తువులో ఒక్క ఇనుప మర కూడా లేదు.

ఆ గొర్రు వెంబడి నడిచే మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే నా కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అడగడమంటే నాకు తెలియదని ఒప్పుకోవడం కదా. రెండేళ్ళు మద్రాసులో చదివినవాడు ఒప్పుకుంటాడా? షెడ్డులో ఒక మూల పడి ఉన్న పాత గొర్రును బల్ల మీదికి ఎక్కించి, కొలతలు తీసుకొని, తలుపు వేసుకొని ఇరవై రోజులు గీశాను. జడ్డిగం పోయింది. దాని స్థానంలో ఒక రేకు పెట్టె వచ్చింది. పెట్టెలో గాళ్ళు తీసిన కొయ్య రోలరు. నేల మీద దొర్లే చిన్న చక్రం ఒకటి ఆ రోలరును తిప్పుతుంది, గాడిలో పడ్డ గింజలు లెక్కప్రకారం గొట్టాల్లోకి జారుతాయి. పెట్టెకు ఆకుపచ్చ రంగు. పెట్టెకు మూత. మూతకు గొళ్ళెం.

తయారు చేయాల్సింది మా షెడ్డు వడ్రంగి మస్తాన్ సాబ్. నేను పుట్టకముందు నుంచి బాడిస పట్టిన చేయి ఆయనది. నా కాగితాన్ని నిటారుగా పట్టుకొని చూశాడు, తలకిందులుగా పట్టుకొని చూశాడు.

"ఈ మూత దేనికి సార్?"

"గాలికి గింజలు ఎగిరిపోకుండా."

"జొన్నగింజ ఎగిరేంత గాలొస్తే సార్, ముందు గొర్రు తోలేటోని తలగుడ్డ ఎగురుతాది. వాడు దాని ఎనకాల పరిగెత్తుతాడు. ఇంగ ఇత్తేదెవరు?"

"మస్తాన్ సాబ్, ఇది డిజైను."

"సరే సార్, డిజైనంటే చేస్తా. జరా ఒక్క మాట. మూత ఏస్తే లోపల ఏం జరుగుతాండాదో కనపడేదెట్ల?"

"చూడాల్సిన అవసరమే లేదు. అదే దీని గొప్ప."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఇంగొకటి సార్. తుమ్మకొయ్య ఇరిగితే ఆ ఊరి వడ్లాయనే గంటలో సేసిస్తాడు. ఈ మరలు, ఈ రేకు ఇరిగితే యాడికి పోవాల?"

"ఇక్కడికే తెస్తారు. మనమున్నాం కదా."

"వాన పడినాక ఇత్తేదానికి నేలలో పదును ఉండేది రెండు దినాలు సార్. మనకాడికి వచ్చేదానికి ఒక దినం, తిరిగి పోయేదానికి ఒక దినం. ఇంగ మనముండి ఏం లాభం?"

ఇంత మంచి ప్రశ్నలు మద్రాసులో నా పరీక్షల్లో కూడా రాలేదు. అయినా నేను పెన్సిలు చెవి మీద సర్దుకొని, "మీకు అర్థం కాదులెండి" అన్నాను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా చెవులు కాలుతున్నాయి. ఆయన కాగితం మడిచి బాడిస అందుకున్నాడు. పెట్టె మాత్రం ముద్దొచ్చేలా చేశాడు.

పరీక్ష కోసం దాన్ని బస్సు టాపు మీద వేసుకొని పులివెందుల పోయాను. మా బడి వెనక నాన్న స్నేహితుడి ఎర్రచేను ఉంది. ఇసుక కలిసిన గరప నేల. అరచేతిలోకి తీసుకుంటే పంచదారలా రాలిపోతుంది. రెండు ఎద్దులను బదులు తెచ్చి కట్టాం. చక్రం దొర్లింది, రోలరు తిరిగింది, గింజలు జానెడుకొకటి చొప్పున సిపాయిల్లాగా వరుసలో పడ్డాయి. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకొని చూశాడు. "పరవాలేదురా" అన్నాడు. మా నాన్న నా జన్మలో నన్ను పొగిడింది ఆ ఒక్కసారే. ఆ ఊపులో నేను ప్రొద్దుటూరు దాకా బస్సులో నిలబడే వచ్చాను, సీటు ఖాళీగా ఉన్నా సరే.

ఇక అసలు ప్రయోగం జమ్మలమడుగు రోడ్డు మీది ఒక ఊళ్ళో, ఓబులేసు మామ చేనులో. నాకు చుట్టమేమీ కాదు. ఆ ఊళ్ళో ఆయన అందరికీ మామే. వంచిన తల ఎత్తని మనిషి. కాదు, లేదు అన్న మాటలు ఆయన నోట పుట్టవు. అందుకే మా ఆఫీసు వాళ్ళు ఆయన చేనును ఎంచుకున్నారు. రోడ్డు పక్క సగం కొత్త యంత్రంతో, లోపలి సగం పాత గొర్రుతో విత్తాలి. రెండూ మొలిచాక ఆఫీసరు వచ్చి పోల్చి చూస్తాడు. ఓబులేసు మామ సరేనన్నాడు. ఆ చేను జొన్నలే ఆయన ఇంటికి ఏడాది రొట్టె, ఆ చొప్పే ఎద్దులకు ఏడాది మేత అని నాకు అప్పటికి తెలియదు. తెలిసినా పట్టించుకునేవాణ్ణి కాదేమో.

హస్త కార్తెలో వాన పడింది. రెండో రోజు పదును కుదిరిందని కబురొచ్చింది. తెల్లారే పెట్టెతో సహా చేను దగ్గర దిగాను. చేనంతా నల్లరేగడి. నాలుగడుగులు వేసేసరికి నా చెప్పులు ఒక్కోటి రెండు శేర్ల బరువెక్కాయి. తెలివైనవాడు ఎవడైనా అక్కడే ఆగి ఆలోచించేవాడు. నేను చెప్పులు విడిచేసి ముందుకు నడిచాను.

అక్కడ ఈరమ్మ ఉంది. యాభై ఏళ్ళుంటాయి. ఒడిలో గింజలు కట్టుకొని, కొంగు నడుముకు బిగించి తయారుగా నిలబడింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి చేలన్నీ ఆమె చేతి మీదుగానే మొలిచాయట. విత్తే రోజుల్లో ఆమె కోసం ఇంటింటి వాళ్ళూ ముందురోజే వచ్చి చెప్పుకొని పోతారట. ఆమె నన్ను కింది నుంచి పైకి చూసి, చెవి మీది పెన్సిలు దగ్గర ఆగింది.

"సామీ, నీ పనేంది?"

"డిజైనరును."

"అంటే ఏం చేస్తావు?"

"వస్తువులు ఎట్లుండాలో గీస్తాను."

"చేసేదెవరు?"

"వడ్రంగి."

"వాడేదెవరు?"

"రైతులు, మీలాంటి వాళ్ళు."

"చేసేది ఆయప్ప, వాడేది మేము. మధ్యలో నువ్వేంటికి సామీ?"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. నేను గంభీరంగా యంత్రం గుణగణాలు వివరించాను. అన్నిటికంటే గొప్ప గుణం చివరకు దాచుకున్నాను. "ఇకమీదట గొర్రు వెనక మనిషి నడవాల్సిన పనే లేదు."

"మరి నేనేం చేయాల?"

"హాయిగా కూర్చోవచ్చు."

"కూచుంటే సంగటి ఎవరు పెడతారు సామీ, నీ పెట్టా?"

నేను కాగితాల చుట్టను మళ్ళీ చంకన పెట్టుకున్నాను. ఎద్దులను కట్టమన్నాను. ఓబులేసు మామ కొడుకు గొర్రు తోలాడు. మొదటి సాలు నడిచింది. రెండో సాలు నడిచింది. చక్రం మట్టి పట్టి మోకాలంత లావైంది గానీ, తిరుగుతూనే ఉంది. ఈరమ్మ పని లేకపోయినా అలవాటు కొద్దీ వెనకే నడుస్తోంది. మూడో సాలులో కేకేసింది.

"అబ్బోడా, ఎద్దుల్ని నిలుపు! సామీ, ఆ మూత తీ."

"ఎందుకు?"

"గొట్టం పూడినట్లుండాది. నాలుగిట్లో ఎన్నిట్లో పడతాండాయో చూడాల."

"పెట్టె తెరిస్తే లెక్క తప్పుతుంది. పులివెందులలో పరీక్ష చేశాను. ఒక్క గింజ తేడా రాలేదు."

"పులివెందుల మన్ను కాళ్ళకు అంటదు సామీ. ఈ మన్ను పట్టుకుంటే అత్తగారి మాదిరి, వదల్దు. జడ్డిగమైతే రంధ్రంలో గింజ నిలిచిపోతానే నాకు కనపడతాది. పుల్లతో పొడుస్తాను. నీ పెట్టెలో ఏం కనపడతాది?"

"ఈరమ్మా," అన్నాను, ఎంతో ఓపికగా, "యంత్రాన్ని నమ్మాలి."

ఆమె ఓబులేసు మామ వైపు చూసింది. ఆయన నేల వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ప్రొద్దుటూరు బస్సు హారను వినిపించింది. మర్నాడే నివేదిక పంపాలి. "అంతా ఇలాగే కానివ్వండి" అని చెప్పి, చెప్పులు చేత్తో పట్టుకొని బస్సు వెనక పరిగెత్తాను. సాయంత్రానికి నివేదిక రాసేశాను. దాని మొదటి మాట 'విజయవంతముగా'. మూడు సాళ్ళు కూడా పూర్తిగా చూడకుండానే ఎనిమిది పేజీలు రాసిన ఘనత నాది.

పదిహేనో రోజున పెద్దాఫీసరు జీపులో నన్నూ ఎక్కించుకొని బయలుదేరాడు. ఎందుకైనా మంచిదని మస్తాన్ సాబ్‌ను కూడా వెనక కూర్చోబెట్టుకున్నాం. రోడ్డు మీద జీపు దిగుతూనే నాకు గుండె నిండిపోయింది. రోడ్డు పక్కన చేను చూడాలి! వేలెడెత్తు పైరు, గీత గీసినట్టు సాళ్ళు, ఎక్కడా సందు లేదు, ఎక్కడా గుబురు లేదు. లోపలి సగం కూడా బాగానే ఉంది గానీ, చివర గట్టు పక్కన తుమ్మచెట్ల దగ్గర ఎకరాకు కాస్త తక్కువ జాగా బోడిగుండులా నల్లగా మెరుస్తోంది. నా దురదృష్టం, అది లోపలి సగంలో ఉంది. అంటే పాత గొర్రు విత్తవలసిన సగంలో.

నేను గట్టెక్కాను. ఊరంతా చుట్టూ చేరింది. గొంతు సవరించుకున్నాను.

"సార్, ఈ రోడ్డు పక్కన చూడండి. ప్రతి మొలకా కొలిచి నాటినట్టుంది. ఇది నైపుణ్యంతో చేసిన డిజైను. ఇక అటు ఆ మూల చూడండి. అది పాత గొర్రు నిర్వాకం. మనిషి చేతిని నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది. చేయి అలసిపోతుంది, కన్ను మోసపోతుంది. యంత్రానికి అలుపు లేదు, మోసం లేదు."

జనంలో ఒక ముసలాయన దగ్గాడు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఓబులేసు మామ ఆకాశంలో మబ్బులేమైనా ఉన్నాయా అని తీక్షణంగా వెతుకుతున్నాడు. నా మాటలకు వాళ్ళు ముగ్ధులైపోయారని నేను అనుకున్నాను.

ఆఫీసరు ఎంతో సంతోషపడ్డాడు. "బ్రహ్మాండం! ఏవండీ ఓబులేసు గారూ, మీరేమంటారు?"

"బాగుండాది సార్" అన్నాడు ఆయన, నేల చూస్తూ. పైరు బాగుందన్నాడు. అది నిజమే కదా.

ఆఫీసరు జేబులోంచి మడత కాగితం తీశాడు. "అయితే ఇదిగో, ఉత్తర్వు తయారుగానే తెచ్చాను. వచ్చే ఏడాది ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇదే యంత్రం ఇస్తాం. పాత గొర్రులన్నీ మా షెడ్డుకు అప్పజెప్పాలి. ఇక వాటితో పనేవుంది?"

పెన్ను మూత తీశాడు. నవ్వు ముఖాలన్నీ ఒక్కసారి వాడిపోయాయి. కొంగు నోట్లో కుక్కుకున్నామె కొంగు తీసేసింది. వచ్చే వానకు ఇళ్ళలో గొర్రులుండవు. ఉండేవి ఆకుపచ్చ పెట్టెలు. ఊళ్ళకు ఊళ్ళు ఆ మూలలాగా బోడిగా మిగలబోతున్నాయి, నా డిజైను పుణ్యమా అని.

"ఓ సారూ, జర నిలు" అంది ఈరమ్మ.

ఓబులేసు మామ ఆమె చేయి పట్టుకున్నంత పని చేశాడు. "ఈరమ్మా, వద్దు. చేన్లోకి వచ్చినోళ్ళు. మర్యాద కాదు."

"మర్యాద నమిలి తింటామా మామా? ఒక మూల పోయిందంటే నీ గుణం మంచిదని గమ్మునుంటి. ఇప్పుడు అందరి చేండ్లూ పోతాండాయి." ఆమె ఆఫీసరు వైపు తిరిగింది. "సారూ, ఈ రోడ్డు పక్క ఇత్తింది నేను. నా చేత్తో, పాత జడ్డిగంతో. ఈ సామి పెట్టె ఇత్తింది ఆ మూల."

"ఏవిటేవిటి?" అన్నాడు ఆఫీసరు.

ఓబులేసు మామ ఇక తప్పక నోరు విప్పాడు. "తప్పు మాదే సార్. మీ సార్ బస్సెక్కినాక మూత తీసి చూస్తిమి. నాలుగు గొట్టాల్లో మూడు పూడిపోయినాయి. పదును పోతాండాది, ఏం చేయాల? పాత గొర్రు తెచ్చి మళ్ళా మొదటి నుంచి ఇత్తినాము. సర్కారు వస్తువు, మాట ఇచ్చినా గదా, వాడకుంటే తప్పయితాదని ఆ మూలకు పట్టుకపోయి దాంతోనే ఇత్తిస్తిని. ఆడికి పోయినాక నాలుగోది కూడా పూడింది."

"మరి ముందే చెప్పలేదేవండీ?"

"సార్ అంత ఆశగా వచ్చినాడు సార్. చెప్పేదానికి నోరు రాలే."

దయచేసి గమనించండి. నా మీద జాలి కొద్దీ ఆ మనిషి ఒక మూల తిండిగింజలు వదులుకున్నాడు. నేనేమో అదే మూలను చూపించి ఈరమ్మ చేతిని తిట్టాను. నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, రేగడి నేల నోరు తెరిస్తే అందులో దూకేద్దామన్నంత సిగ్గు. అయితే మనిషి పొగరు అంత తొందరగా చావదు. "సార్, పెట్టెను ఒకసారి పరిశీలిస్తే అసలు కారణం తెలుస్తుంది" అన్నాను.

తెలిసింది. అందరం తుమ్మచెట్ల దగ్గరికి నడిచాం. సర్కారు వస్తువును కదిలిస్తే ఏమవుతుందోనని యంత్రాన్ని అక్కడే భద్రంగా ఉంచారు. మధ్యలో ఒకరోజు తుంపర పడిందట. మూత సందుల్లోంచి నీళ్ళు దిగాయి, కింద గొట్టాలు పూడి ఉన్నాయి కాబట్టి బయటికి పోలేదు. గొళ్ళెం తీసి మూత ఎత్తబోతే రాలేదు. మస్తాన్ సాబ్ ముందుకొచ్చి ఉలితో లేపాడు. లోపల పెట్టె నిండా జొన్న మొలకలు! వెలుగు లేక తెల్లగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి తోసుకుంటూ, మూత ఎత్తగానే అన్నీ కలిసి పైకి లేచాయి.

ఏదో ఒకటి అనాలి కదా అని నేనే అన్నాను. "సార్... మొలక శాతం మాత్రం చాలా బాగుంది."

ఆఫీసరు పెట్టెలోకి చూశాడు, బోడి నేలను చూశాడు, నన్ను చూశాడు. "ఏవయ్యా, గొర్రు చెయ్యమంటే పూలకుండీ చేశావా?"

అప్పుడు నవ్వింది ఊరు. పదిహేను రోజులుగా మర్యాద కోసం ఆపుకున్న నవ్వు అది. గట్టు మీద కూలబడి నవ్వారు, తుమ్మచెట్టు పట్టుకొని నవ్వారు. చివరికి ఓబులేసు మామ కూడా తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. నవ్వనివాడు మస్తాన్ సాబ్ ఒక్కడే. ఆయన నా పక్కకొచ్చి మెల్లగా, "ఏం కాదులే సార్, నేను మొదట చేసిన కుర్చీకి మూడు కాళ్ళే పెట్టినా" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. నవ్వినందుకు రాలేదు గానీ, దీనికి వచ్చింది.

ఆఫీసరు ఉత్తర్వును నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. నన్ను అక్కడే వదిలేసి జీపెక్కాడు. "ఆ మూల ఏదో ఒకటి మొలిచేదాకా ఆఫీసుకు రావద్దు" అని చెప్పి పోయాడు. మస్తాన్ సాబ్ తనంతట తనే దిగి నా దగ్గర ఉండిపోయాడు.

తుంపర పడ్డ తడి ఇంకా కొంచెం ఉంది. జొన్నకు ఆలస్యమైంది గానీ శనగకు పరవాలేదన్నాడు ఓబులేసు మామ. నేను చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టి, "ఈరమ్మా, నేను విత్తుతాను, నేర్పించు" అన్నాను.

"నడుం ఇరుగుతాది సామీ."

"విరగనీ."

విరిగింది. జడ్డిగం మోకాలికి కాస్త పైన ఉంటుంది. దాని వెంబడి నడవాలంటే ఒంటిని విల్లులా వంచి, కళ్ళు నాలుగు రంధ్రాల మీద పెట్టి, గుప్పిట కొద్దికొద్దిగా వదలాలి. నా గుప్పిట పదడుగులకే ఖాళీ అయింది. రెండోసారి గింజలు ఒకే రంధ్రంలోకి పోయాయి. మూడోసారి నేనే పోయి గొర్రు మీద పడ్డాను. ఇరవై రోజులు బల్ల మీద పెట్టుకొని గొర్రును కొలిచిన నాకు, దాని వెనక ఒక మనిషి వీపు ఉంటుందని ఆ రోజు తెలిసింది.

గట్టు మీద వెల్లకిలా పడుకొని అడిగాను, మొదటిసారిగా, నిజంగా తెలుసుకోవడానికి. "ఈరమ్మా, ఈ గొర్రులో నీకు ఏం మారితే బాగుంటుంది?"

ఆమె ఆలోచించనైనా లేదు. ముప్పై ఏళ్ళుగా జవాబు తయారుగానే ఉంది, అడిగినవాడు లేడు. "జడ్డిగం మూరెడు పైకి లేపు. అంతే. మూత వద్దు, చక్రం వద్దు. నిటారుగా నడుస్తా."

మస్తాన్ సాబ్ అన్నాడు, "లేపొచ్చు. తుమ్మకొయ్య చాలు. ఈ ఊరి వడ్లాయన కూడా చేస్తాడు."

ఓబులేసు మామ అన్నాడు, "లేపితే గొట్టాలు పొడుగైతాయి గదా. నడి గొట్టాల్లో గింజ ముందు పడతాది, పక్క గొట్టాల్లో ఎనక పడతాది. సాళ్ళు తప్పుతాయి."

ముగ్గురూ నా వైపు చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. మొదటిసారి నా చదువుతో ఎవరికో పని పడింది. గట్టు మీద కూర్చొని, గొట్టాల వాలు లెక్క కట్టి, నాలుగింటి పొడవూ ఎంతెంత ఉండాలో, చివరలు ఏ ఏటవాలులో కోస్తే మట్టి పట్టకుండా ఉంటుందో గీసి చూపించాను. మొదటి నమూనాను ఈరమ్మ తీసేసింది, చేయి ఆనడానికి అంచు లేదని. రెండోదాన్ని ఓబులేసు మామ తీసేశాడు, మలుపులో ఎద్దు కాలికి తగులుతుందని. మూడోదాన్ని మస్తాన్ సాబే విరగ్గొట్టాడు, ఇంత సులభంగా విరిగితే ఎట్ల సార్ అంటూ. ఆ మూలలో శనగ మొలిచేలోగా నాలుగోది నిలిచింది. అందులో ఉన్నదంతా తుమ్మ, వెదురు, తాడు. ఏ ఊళ్ళోనైనా విరిగినచోటే బాగుచేసుకోవచ్చు. మరుసటి ఏడు ఈరమ్మ తల ఎత్తుకొని, రోడ్డున పోయే వాళ్ళతో మాట్లాడుతూ ఆ చేనంతా విత్తింది. ఆ మూలలో కూడా జొన్న నిలువెత్తు లేచింది.

నేను మళ్ళీ నివేదిక రాశాను. ఈసారి ఒకటే పేజీ. 'రూపకల్పన చేసినవారు' అన్న చోట నాలుగు పేర్లు రాశాను, మొదటి పేరు ఈరమ్మది. రెండు నెలలకు హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. నమూనాను మెచ్చుకుంటూనే, 'మొదటి రూపకర్త శ్రీ ఈరమ్మ గారి విద్యార్హతల ధ్రువపత్రాలు వెంటనే పంపగలరు' అని అడిగారు. తీసుకుపోయి ఆమెకు చదివి వినిపించాను.

"ఏందంటారు?"

"నువ్వు ఎంత చదివినావో కాగితం పంపమంటారు."

ఆమె ఒడిలో గింజలు సర్దుకుంది. "నా చదువు కాగితానికి అంటదు సామీ. పదునప్పుడు రమ్మని రాయి. చెప్పులు మాత్రం ఇడిసి రమ్మను."

అదే రాసి పంపాను. మళ్ళీ జవాబు రాలేదు.

ఆ రోజే ఒక ప్రతిజ్ఞ చేద్దామని కాగితం తీశాను. 'సకల పనిముట్ల సాక్షిగా, నా పెన్సిళ్ళ సాక్షిగా, వస్తువును వాడబోయే వారి అవసరములను, శ్రమను, నేలను, వాతావరణమును సమగ్రముగా విచారించి, వారి అనుమతి పొందనిదే ఏ రూపకల్పనకూ ఇకపై పూనుకొననని ఇందుమూలముగా శపథము చేయుచున్నాను' అని గంభీరంగా రాసి, ఈరమ్మకు వినిపించాను. ఆమె చివరిదాకా విని, "శానా పొడుగుంది, పూడిపోతాది" అంది. జేబులోంచి పెన్సిలు తీసి ఒక్కో మాటా కొట్టేస్తూ పోయాం. చివరికి ఆమె ఒప్పుకున్నంత వరకు మిగిలింది ఇది. ఈనాటికీ దీనికి కట్టుబడి ఉన్నాను:

అడక్కుండా గీయను.